గట్టిదా, మెత్తదా

గవర్నర్‌పేటలో మెట్ల కింద కొట్టు.
సత్తెన్న గారు రెండు బ్రష్షులూ బల్లమీద పెట్టి
ఏది కట్టమంటావయ్యా అన్నారు.
చేతిలో డబ్బు ఒక్కదానికే.

నల్లది గట్టిది, వేలు పెడితే గీరుకుంటుంది.
హోటళ్ళకీ బ్యాంకులకీ అదే.
తెల్లది మెత్తది. పసిపిల్ల తల దువ్వొచ్చు దాంతో.
ఉన్నికి, పట్టుకి, ఇళ్ళకి.

సోమవారంలోగా చెప్పమన్నాడు బందరు రోడ్డు హోటలు మేనేజరు.
పన్నెండు వేల అడుగుల తివాచీ,
అడుగుకి రూపాయి ముప్పావలా, నెలకి రెండుసార్లు.
రాత్రి పదకొండు దాటాక మొదలు,
టిఫిన్ల వేళకి తడి ఆరాలి.
బిల్లు మాత్రం అరవై రోజులకి.
ఆ అరవై రోజులూ మాకు షాంపూ అప్పిచ్చేదెవరో ఆయన చెప్పలేదు.

మచ్చు చూపించమంటే పోయిన గురువారం
ఓ మూల కడిగాం, నేనూ బాజీ.
అంతకుముందే రిసెప్షన్ అయిన హాలు.
బిర్యానీ మెతుకులు, గులాబీ రేకులు, ఒంటి జూకా.
ఎవరిదని అడగడానికి ఎవరూ లేరు.
నీళ్ళు నల్లగా వచ్చాయి, తర్వాత బురద రంగు, తర్వాత టీ రంగు.
అక్కడ ఆపమన్నాడు మేనేజరు.
టీ రంగు చాలయ్యా, రేపు మళ్ళీ పెళ్ళే.
బాగుందనలేదు.
బాగాలేదనీ అనలేదు.
తెల్లారి బెంజి సర్కిల్లో టీ తాగుతూ బాజీ అన్నాడు,
అన్నా, ఇక్కడ బేరం లేదు చూడు, అదే పుణ్యం.
వాళ్ళావిడకి ఏడో నెల. వాడు లెక్కలు వేళ్ళమీద వేస్తున్నాడు.

నిజమే, ఇళ్ళల్లో బేరం గుమ్మంలోనే మొదలు.
మొగల్రాజపురంలో ఒకాయన
మా మిషను తాగిన కరెంటుకని నలభై కోశాడు.
భవానీపురంలో లిఫ్టు పనివాళ్ళకి కాదన్నారు,
ముప్పై ఐదు కిలోల మిషను నాలుగంతస్తులు వీపున ఎక్కింది.
సత్యనారాయణపురంలో ఒకావిడ
ఆవకాయ నూనె మరక వదిలేదాకా ఎదురుగా కూర్చుని
తోడికోడలు జాడీ ఎలా దొర్లించిందో మూడుసార్లు చెప్పింది.
మూడోసారికి జాడీ పెద్దదైంది.

అసలు ఈ పని నేను నేర్చుకున్నదే ఇళ్ళల్లో,
సింగ్‌నగర్‌లో, బుడమేరు దిగిపోయాక.
అప్పుడు ఏ బ్రష్షూ లేదు. చీపురు, బకెట్టు,
డాబా పిట్టగోడల మీద ఆరేసిన సోఫా దిళ్ళు,
పిండేకొద్దీ వచ్చే బురద.

మొన్న ఆదివారం పటమటలో శేషారత్నం గారిల్లు.
ముందుగదిలో పాత కాశ్మీరు తివాచీ,
దానిమీద నాలుగు గుంటలు.
మరకలు పర్వాలేదు, ఇవి లేస్తాయా అంది.
ఆస్పత్రి మంచం, అద్దెది, ఏడాదిన్నర ఉంది,
నిన్ననే పంపేశాం.
ఇంకేమీ చెప్పలేదు, నేనూ అడగలేదు.
ఆవిరి పట్టాను, చెంచా వెనకతో లేపాను,
దువ్వెనతో, ఆఖరికి వేళ్ళతో.
మూడు లేచాయి.
తలవైపుది ఒకటి లేవలేదు.
మధ్యాహ్నం దాకా దానిమీదే ఉన్నాను,
బాజీ రెండుసార్లు టైము చూపించాడు.
పోనీలే నాయనా, అక్కడ కుర్చీ వేసుకుంటాను, అంది.
అనుకున్న దానికంటే రెండొందలు ఎక్కువిచ్చింది.
మూడింటికే కదమ్మా పని జరిగింది అంటే
నాలుగో దానికే ఇది అంది.

ఆ నోటు ఇంకా పైజేబులోనే ఉంది, మడత విప్పలేదు.

ఏమయ్యా, కొట్టు కట్టేయాలి, అన్నారు సత్తెన్న గారు.
నల్లదే కట్టండి, అన్నాను.
తెల్లది?
పక్కన పెట్టండి, నెలాఖరుకి తీసుకెళ్తాను.
మాటల మీద పెట్టను, అడ్వాన్సు రాయిస్తే పెడతా.
మడత నోటు బల్లమీద పెట్టాను.
ఏం పేరు రాయను?
పటమట అని రాయండి.
ఇంటిపేరా, అన్నారు కళ్ళజోడు సర్దుకుంటూ.

ఇంటిదే, అన్నాను.